మాలి దేశపు ఆటగాడు సలీఫ్ కెయిటా

ఫుట్‌బాల్ ఆటలో పేరు గడించిన వారిని గురించి వ్రాసేటప్పుడు ఎన్ని గోల్స్ చేశాడు, ఎన్ని కప్పులు గెలిచాడు అని లెక్కవేసి ఊరుకోవడం పరిపాటి. కాని పేద దేశంలో పుట్టి, పరాయి దేశంలో ఆడి కీర్తి సంపాదించిన ఆటగాని చరిత్రలో ఆ లెక్కలకు అందని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అతని నేర్పు ఎవరి సొత్తు? పెంచిన దేశానిదా, జీతమిచ్చే క్లబ్బుదా, ఆశ్రయమిచ్చిన దేశానిదా, లేక కేవలం అతనిదేనా? ఈ ప్రశ్నలన్నీ ఒకే మనిషి జీవితంలో ఒకదాని వెంట ఒకటి ఎదురైన సందర్భం పశ్చిమాఫ్రికా క్రీడా చరిత్రలో ఒకటున్నది. అది మాలి దేశస్థుడైన సలీఫ్ కెయిటా చరిత్ర. దానిని మా పాఠకుల ముందుంచుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ముందుగా ఒక్క మాట. ఇదే పేరుగల సుప్రసిద్ధ గాయకుడొకడు మాలి దేశంలోనే ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే దేశము. కాని వ్యక్తులు వేరు. మేము వ్రాస్తున్నది ఆటగాడైన కెయిటాను గురించి.

బమాకోలో తొలి అడుగులు

మాలి పశ్చిమాఫ్రికాలో సముద్రతీరము లేని దేశము. ఉత్తర భాగమంతా సహారా ఎడారి. దక్షిణాన నైజర్ నది ఒడ్డున రాజధాని బమాకో. ఫ్రెంచి వారి పాలనలో ఉన్నంతకాలం ఈ దేశానికి ఫ్రెంచి సూడాన్ అని పేరు. 1960 సెప్టెంబరులో అది మాలి అన్న పాత సామ్రాజ్యపు పేరుతో స్వతంత్ర గణతంత్రమైంది. 1946 డిసెంబరులో బమాకోలో జన్మించిన సలీఫ్‌కు అప్పటికి పదమూడేండ్లు. అంటే అతడు వలస పాలనలో పుట్టి, స్వతంత్ర దేశంలో యువకుడైన తరానికి చెందినవాడు. ఈ విషయం అతని తరువాతి నిర్ణయాలను అర్థం చేసుకొనుటకు చాలా ముఖ్యము.

కొత్తగా స్వతంత్రం పొందిన ఆఫ్రికా దేశాలకు ఆనాడు ఫుట్‌బాల్ కేవలం వినోదం కాదు. ప్రపంచ పటంలో తమ జెండా ఒకటున్నదని చాటుకొనుటకు అంతకంటె చౌకయైన, జనరంజకమైన సాధనం మరొకటి లేదు. సలీఫ్ పదహారేండ్ల ప్రాయంలోనే జాతీయ జట్టుకు ఎంపికయ్యాడు. 1965లో కాంగో రాజధాని బ్రాజవిల్‌లో జరిగిన తొలి అఖిలాఫ్రికా క్రీడలలో మాలి జట్టు అంతిమ పోటీకి చేరింది. ఆ ఆటలో ఇరు పక్షాలకూ గోల్ లేకపోగా, ఎవరికి కార్నర్లు ఎక్కువ వచ్చినవో లెక్కించి కాంగోను విజేతగా ప్రకటించారు.

ఆఫ్రికా ఖండపు చాంపియన్ క్లబ్బుల పోటీ ప్రారంభమైన తొలి రెండు పర్యాయాలలోను కెయిటా అంతిమ ఘట్టానికి చేరాడు. 1965లో స్టాద్ మాలియన్ జట్టుతో వెళ్ళి కామెరూన్‌కు చెందిన ఓరిక్స్ దువాలా చేతిలో ఓడాడు. 1966లో రియల్ బమాకో జట్టుతో వెళ్ళాడు. బమాకోలో జరిగిన మొదటి ఆటలో 3-1 తేడాతో గెలిచి కూడా, అబిజాన్‌లో జరిగిన రెండవ ఆటలో 4-1 తేడాతో ఓడి కప్పు పోగొట్టుకున్నారు. అయినా ఆ పోటీలో కెయిటా ఒక్కడే 14 గోల్స్ చేశాడు. ఇరవయ్యేండ్లు నిండకముందే ఖండమంతటా అతని పేరు మారుమ్రోగింది.

పారిస్ నుండి టాక్సీలో

ఈ పేరు ఫ్రాన్సు దేశానికి ఎలా చేరిందో తెలుసుకొనుట ఆసక్తికరము. నేటివలె ప్రతినిధులు, దళారులు ఊరూరా తిరిగి ఆటగాండ్రను వెదకే కాలం కాదది. బమాకోలో నివసించే షార్ల్ దాఘేర్ అనే లెబనాన్ దేశీయుడు ఫ్రాన్సులోని సెంత్ ఎతియెన్ క్లబ్బు అభిమాని. ఇక్కడ ఇటువంటి ఆటగాడొకడున్నాడని అతడే ఆ క్లబ్బు అధ్యక్షుడైన రోజే రొషేకు తెలియజేశాడు. క్లబ్బు వారు రమ్మన్నారు.

రమ్మన్నంత మాత్రాన వెళ్ళుట సులభం కాదు. జాతీయ జట్టుకు వెన్నెముక వంటి యువకుని వదులుకొనుటకు మాలి అధికారులు సుముఖంగా లేరు. అందువల్ల 1967లో కెయిటా ఎవరికీ చెప్పకుండా బమాకో విడిచాడు. తిన్నగా విమానమెక్కితే పట్టుబడతానన్న భయంతో పొరుగు దేశాల మీదుగా ప్రయాణించి, సెప్టెంబరు నెలలో పారిస్ నగరానికి చేరాడు. అతనిని కలుసుకొనవలసిన క్లబ్బు ప్రతినిధి ఒక విమానాశ్రయంలో ఎదురుచూస్తుండగా, అతని విమానం ఓర్లీ అనే మరో విమానాశ్రయంలో దిగింది.

చేతిలో డబ్బు లేదు, ఊరు తెలియదు. ఆ యువకుడు ఒక టాక్సీవానిని పిలిచి సెంత్ ఎతియెన్‌కు పొమ్మన్నాడు. ఆ ఊరు పారిస్‌కు సుమారు 500 కిలోమీటర్ల దూరం! క్లబ్బు వారు బాడుగ చెల్లిస్తారన్న మాట మీద టాక్సీ బయలుదేరింది. క్లబ్బు వారు చెల్లించనే చెల్లించారు. ఈ కథ ఫ్రాన్సులో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కాని కొంచెం ఆలోచిస్తే ఇందులో నవ్వు కంటె దిగులే ఎక్కువ. తన దేశంలో దొంగవలె బయలుదేరి, పరదేశంలో పలుకరించే దిక్కు లేక నిలబడిన ఇరవయ్యేండ్ల యువకుని కథ ఇది. ఆ బాడుగ క్లబ్బుకు ఎంత లాభసాటియైనదో తరువాతి అయిదేండ్లు నిరూపించినవి.

బొగ్గుగనుల ఊరిలో నల్లచిరుత

సెంత్ ఎతియెన్ బొగ్గుగనులకు, ఇనుప పరిశ్రమలకు పేరుపొందిన కార్మికుల ఊరు. ఆకుపచ్చ దుస్తులు ధరించే ఆ ఊరి జట్టు అప్పటికే ఫ్రాన్సులో మేటి జట్లలో ఒకటి. శిక్షకుడు ఆల్బేర్ బతో. జట్టులో రషీద్ మెఖ్లూఫీ అనే అల్జీరియా దేశీయుడు ఉండేవాడు. అతనిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. 1958లో అల్జీరియా స్వాతంత్ర్య సమరం సాగుతున్న రోజులలో, ప్రపంచ కప్పు పోటీలకు ఫ్రాన్సు పక్షాన వెళ్ళే అవకాశం చేతిలో ఉండగా, దానిని విడిచి రహస్యంగా దేశం దాటి స్వాతంత్ర్య యోధుల జట్టులో చేరినవాడు అతడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1962లో అదే సెంత్ ఎతియెన్‌కు తిరిగివచ్చి మరల అభిమానుల ఆదరణ పొందాడు. అటువంటి మనిషి సాహచర్యం కెయిటాకు తొలి సంవత్సరంలోనే లభించింది.

1967-68, 1968-69, 1969-70 — ఈ మూడు సీజన్లలోను వరుసగా సెంత్ ఎతియెన్ జట్టే ఫ్రెంచి లీగ్ విజేత. 1968, 1970 సంవత్సరాలలో ఫ్రెంచి కప్పు కూడా వారిదే. కెయిటా పొడవైన కాళ్ళతో, మెరుపువేగంతో, బంతిని పాదానికి అంటించుకున్నట్లు పరుగెత్తి రక్షకులను దాటిపోయేవాడు. అతనిని అభిమానులు నల్లచిరుత అన్నారు. చివరకు ఆ చిరుతబొమ్మే క్లబ్బు చిహ్నమైంది. పరదేశి ఒకడు తన పోలికతో ఒక ఊరి గుర్తునే మార్చివేయుట చిన్న విషయం కాదు.

1969లో ఐరోపా చాంపియన్ క్లబ్బుల పోటీలో జర్మనీకి చెందిన బయర్న్ మ్యూనిక్ ఎదురైంది. బెకెన్‌బవర్, గెర్డ్ ముల్లర్, సెప్ మయర్ వంటి దిగ్గజాలున్న జట్టది. మ్యూనిక్‌లో జరిగిన మొదటి ఆటలో సెంత్ ఎతియెన్ 2-0 తేడాతో ఓడింది. ఇక ఆశ లేదనుకున్నారు. స్వంత మైదానంలో జరిగిన రెండవ ఆటలో ఎర్వే రెవెలీ రెండు గోల్స్ చేయగా, ఆట ముగియబోయే సమయంలో కెయిటా తలతో కొట్టి మూడవ గోల్ చేశాడు. మొత్తం మీద 3-2 తేడాతో బయర్న్ ఇంటిదారి పట్టింది.

ఆఫ్రికా ఖండపు ఉత్తమ ఆటగానికి ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక 1970లో మొట్టమొదటిసారి బహుమతి ఏర్పాటు చేసింది. ఆ తొలి బహుమతి కెయిటాకే దక్కింది. 1970-71 సీజనులో అతడు లీగ్ పోటీలలో 42 గోల్స్ చేశాడు. అయినా ఆ సంవత్సరం అత్యధిక గోల్స్ గౌరవం అతనికి దక్కలేదు; మార్సెయ్ జట్టులోని యుగోస్లావియా వాడు యోసిప్ స్కోబ్లార్ 44 చేశాడు. ఇద్దరు పరదేశీయులు పోటీపడి ఫ్రాన్సు లీగ్ చరిత్రలో అపూర్వమైన అధ్యాయం వ్రాశారు.

ఒప్పందమనే సంకెల

ఇంతటి కీర్తి మధ్య కెయిటాకు, క్లబ్బు అధ్యక్షునికి జీతభత్యాల విషయమై స్పర్ధ వచ్చింది. దీనిని వ్యక్తుల తగవుగా మాత్రమే చూస్తే పొరపాటు. ఆనాటి ఫ్రెంచి ఫుట్‌బాల్ నిబంధనలు తెలిస్తేగాని దీని స్వరూపం బోధపడదు.

చాలాకాలం ఫ్రాన్సులో వృత్తి ఆటగాడు ఒకసారి సంతకం చేస్తే ముప్పయి అయిదేండ్లు నిండేవరకు ఆ క్లబ్బుకు కట్టుబడి ఉండవలసిందే. క్లబ్బు తన ఇష్టం వచ్చినప్పుడు అతనిని మరొకరికి అమ్మవచ్చును; ఇష్టం లేకుంటే ఉంచుకొనవచ్చును. ఆటగాని సమ్మతితో పని లేదు. ఇది బానిసత్వంతో సమానమని ఫ్రాన్సు జట్టు తార రేమొన్ కోపా 1963లో బహిరంగంగా అన్నందుకు అధికారులు ఆగ్రహించారు. ఆటగాండ్ర సంఘం పట్టుదల ఫలితంగా 1969లో గాని నిర్ణీత కాలపు ఒప్పందాలు అమలులోకి రాలేదు. వాటిని మరల రద్దు చేయజూచినప్పుడు 1972 డిసెంబరులో ఆటగాండ్రు సమ్మె చేశారు. 1973లో హక్కులను నిర్ణయించే ఒడంబడిక కుదిరింది.

కెయిటా వివాదం సరిగా ఈ సంధికాలంలో జరిగింది. స్వదేశపు ఆటగాండ్రకే హక్కులు నిలకడగా లేని రోజులలో, పరదేశి తన జీతం తాను అడిగితే కృతఘ్నుడన్న మాట సులభంగా వస్తుంది. 1972లో అతడు సెంత్ ఎతియెన్ విడిచి మార్సెయ్‌లో చేరాడు. ఆ సీజనులోనే పాత జట్టు మీద ఆడి గోల్స్ చేసి, పాత అధ్యక్షుని వైపు తిరిగి అవమానకరమైన సంజ్ఞ చేశాడు. అందుకు శిక్ష పడింది. మేము ఆ సంజ్ఞను సమర్థించము. క్రీడామైదానం పగ తీర్చుకొనే చోటు కాదు. కాని దాని వెనుకనున్న కారణాన్ని విస్మరించుట కూడా న్యాయం కాదు.

పౌరసత్వమా, ఆటా?

మార్సెయ్‌లో మరింత జటిలమైన చిక్కు ఎదురైంది. ఆనాటి నిబంధన ప్రకారం ఒక ఫ్రెంచి జట్టులో ఇద్దరు విదేశీయులకు మాత్రమే స్థానం. మార్సెయ్ జట్టులో అప్పటికే స్కోబ్లార్, స్వీడన్ దేశపు రోజర్ మాగ్నుసన్ ఉన్నారు. మూడవవాడు కెయిటా. ముగ్గురూ మేటి ఆటగాండ్రే. ఒకరు ఎల్లప్పుడూ బయట కూర్చొనవలసిందే. క్లబ్బు వారు ఒక ఉపాయం ఆలోచించారు. కెయిటా ఫ్రెంచి పౌరసత్వం తీసుకుంటే అతడు విదేశీయుల లెక్కలోకి రాడు. అప్పుడు చిక్కు వీడిపోతుంది.

కెయిటా ఒప్పుకొనలేదు.

ఈ నిరాకరణ విలువ తెలియాలంటే కొంచెం వెనుకకు చూడాలి. వలస పాలన కాలంలో ఆఫ్రికా మూలాలున్న ఆటగాండ్రు పాలక దేశాల జట్లకు ఆడుట మామూలే. సెనెగల్ నాయకుడైన బ్లేజ్ దియాఞ్ కుమారుడు రవూల్ దియాఞ్ 1931లోనే ఫ్రాన్సు జట్టులో ఆడాడు. మొజాంబిక్‌లో పుట్టిన యుసేబియో పోర్చుగల్‌కు ఆడి విశ్వవిఖ్యాతి పొందాడు. వారి కాలంలో వారి దేశాలకు స్వంత జెండా లేదు. వారిని తప్పుపట్టుటకు వీలు లేదు. కాని కెయిటా నాటికి మాలికి జెండా ఉన్నది, జట్టు ఉన్నది. 1972 మార్చిలో కామెరూన్‌లో జరిగిన ఆఫ్రికా దేశాల కప్పులో మాలి అంతిమ పోటీ దాకా వెళ్ళి కాంగో చేతిలో 3-2 తేడాతో ఓడింది. అది జరిగిన మరుసటి సంవత్సరమే ఆ జట్టు ప్రధాన ఆటగాడు పరాయి దేశపు పౌరుడు కావలసిందని అడిగితే, అతడు ఏమనగలడు?

ఏ దేశంనుండి అనుమతి లేకుండా తప్పించుకొని వచ్చాడో, ఆ దేశపు పౌరసత్వాన్నే అతడు వదులుకొనలేదు. ఇందులో పరస్పర విరోధమున్నట్లు తోచవచ్చును. మాకు మాత్రం అట్లు తోచదు. దేశం విడిచి పనికి పోవుట వేరు. దేశాన్ని కాదనుట వేరు. గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చిన బంధువులున్న మా విద్యార్థులకు ఈ భేదము మరొకరు చెప్పనక్కరలేదు. ఒప్పంద పత్రము, నిరభ్యంతర పత్రము, పాస్‌పోర్టు — ఈ మూడు కాగితాల మీద ఒక మనిషి బ్రతుకు ఎట్లు వ్రేలాడునో మన కుటుంబాలకు బాగా తెలుసును.

స్పెయిన్, పోర్చుగల్, అమెరికా

1973లో కెయిటా స్పెయిన్‌లోని వలెన్సియా క్లబ్బులో చేరాడు. ఆ సంవత్సరమే ఎందుకంటే, చాలా ఏండ్లుగా విదేశీయులకు మూసివున్న స్పెయిన్ లీగ్ తలుపులు అప్పుడే తెరుచుకున్నవి. హాలండ్ దేశపు క్రైఫ్ బార్సిలోనాకు వచ్చినది కూడా అదే సంవత్సరము. వలెన్సియాకు అప్పుడు శిక్షకుడు సుప్రసిద్ధుడైన డి స్తెఫానో. కెయిటాను ఆహ్వానించిన తీరు మాత్రం గౌరవప్రదంగా లేదు. జర్మనీ వారిని తెస్తామని పోయి నల్లవానిని తెచ్చారనే అర్థం వచ్చేటట్లు ఒక పత్రిక శీర్షిక పెట్టింది. ఆఫ్రికాలోకెల్ల ఉత్తముడని బహుమతి పొందిన ఆటగానికి చర్మపు రంగును బట్టి దక్కిన స్వాగతమది. అయినా అతడు మూడు సీజన్లు అక్కడ ఆడాడు. క్రమంగా అక్కడి జనమే అతనిని మాలి దేశపు నల్లముత్యమని పిలుచుకున్నారు.

1976లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్బులో చేరి, 1978లో పోర్చుగల్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 1979లో అమెరికా వెళ్ళి, బోస్టన్ ప్రాంతపు న్యూ ఇంగ్లండ్ టీ మెన్ జట్టులో ఆడి, 1980లో ఆట విరమించాడు. పదమూడేండ్లలో నాలుగు దేశాలు, అయిదు క్లబ్బులు. ఎక్కడా అతడు మాలి దేశస్థుడు కాకుండా పోలేదు.

తిరిగి స్వదేశానికి

ఆట ముగిసిన తరువాత చాలామంది ఆటగాండ్రు గడించిన ధనంతో పరదేశంలోనే స్థిరపడతారు. కెయిటా బమాకోకు తిరిగివచ్చి హోటల్ నడిపాడు. అంతటితో ఆగలేదు. 1990ల తొలి భాగంలో తన పేర బాలురకు ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం స్థాపించాడు. వృత్తి ఆటగాండ్రను తీర్చిదిద్దే ఉద్దేశంతో మాలిలో వెలసిన తొలి సంస్థ అదే. ఆ కేంద్రంలో తొలి పాఠాలు నేర్చిన మహమదూ దియారా స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌కు, కెయిటా అన్నదమ్ముల సంతతికి చెందిన సెయ్‌దూ కెయిటా బార్సిలోనాకు ఆడారు. 2005 నుండి 2009 వరకు మాలి ఫుట్‌బాల్ సమాఖ్యకు అతడు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఏ అధికారుల కన్నుగప్పి ఒకనాడు దేశం దాటాడో, ఆ అధికార పీఠంపై తానే కూర్చున్నాడు. అతని జీవితాన్ని ఆధారం చేసుకొని గినీ దేశపు దర్శకుడు షేక్ దుకూరే 1994లో బంగారు బంతి అనే అర్థం వచ్చే పేరుతో చలనచిత్రం తీశాడు. కెయిటా స్వయంగా అందులో కనిపించాడు. 2023 సెప్టెంబరు 2న తన 76వ ఏట అతడు కన్నుమూశాడు.

అతని తరువాత ఈ రంగంలో చాలా మార్పులు వచ్చినవి. 1995 డిసెంబరులో బెల్జియం ఆటగాడు బోస్మన్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు క్లబ్బుకు బందీ కానక్కరలేదని తేలింది. ఐరోపా సమాజ దేశాల పౌరుల విషయంలో విదేశీయుల పరిమితి కూడా తొలగింది. 2001లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య పద్దెనిమిదేండ్లు నిండని బాలురను, కొన్ని మినహాయింపులతో తప్ప, దేశం దాటించి చేర్చుకొనరాదని నియమం పెట్టింది. పశ్చిమాఫ్రికా బాలురను ఆశచూపి ఐరోపా తీసుకుపోయి, పరీక్షలో నెగ్గకపోతే వీధిపాలు చేసే దళారులను అరికట్టుట దాని ఉద్దేశములలో ఒకటి. నియమాలు వచ్చినవి, ఆశలు, దళారులు పూర్తిగా పోలేదు. అందువల్లనే స్వదేశంలో నెలకొల్పే శిక్షణ కేంద్రాలకు విలువ. బాలుడు తన ఊరిలోనే ఆట నేర్చి, చదువు నేర్చి, వయస్సు వచ్చిన తరువాత కాగితాలన్నీ సక్రమంగా చేతబట్టుకొని వెళ్ళగలిగితే, ఓర్లీలో ఒంటరిగా నిలబడవలసిన అగత్యముండదు.

ఇక మేము మొదట వేసిన ప్రశ్నకు వద్దాము. ఆటగాని నేర్పు ఎవరి సొత్తు? దేశం తనదన్నది, అతడు చెప్పకుండా వెళ్ళాడు. క్లబ్బు తనదన్నది, అతడు తగవులాడి బయటపడ్డాడు. ఆశ్రయమిచ్చిన దేశం తనదిగా చేసుకొనజూచింది. అతడు వినయంగానో కఠినంగానో కాదన్నాడు. ఎవరూ బలవంతంగా పొందలేనిదానిని చివరకు అతడే ఇష్టపూర్వకంగా బమాకో బాలురకు ఇచ్చివేశాడు. బలవంతపు హక్కుకు, ఇష్టపూర్వకమైన ఋణవిమోచనకు ఉన్న భేదము ఇదే.

మా కళాశాల విద్యార్థులలో ఎందరో రేపు ఇతర నగరాలకు, ఇతర దేశాలకు వెళ్ళనున్నారు. వెళ్ళవద్దని ఎవరూ అనరాదు, అనలేరు. వెళ్ళేముందు సంతకం చేసే కాగితాన్ని చదివి అర్థం చేసుకొనుట, వెళ్ళినచోట తన పేరును, తన ఊరును దాచకుండా బ్రతుకుట, వీలైననాడు నేర్చినదానిలో కొంత వెనుకవచ్చే వారికి అందించుట — ఈ మూడును కెయిటా జీవితం నుండి గ్రహింపదగినవి. కళాశాల పాలక సంఘం వారికి కూడా ఒక విన్నపము. మంచి మైదానం, మంచి శిక్షకుడు ఉన్నచోట ఏ పిల్లవాని పాదంలో ఏ నేర్పు దాగియున్నదో ఎవరు చెప్పగలరు? బమాకోలో ఆ బాలునికి ఆడుకొనుటకు జాగా లేకపోయినట్లయితే, సెంత్ ఎతియెన్ చిహ్నంలో చిరుత ఉండేది కాదు.